గడ్డకట్టని రక్తం

ఇంట్లో అందరూ ఆవిడను లేబులమ్మ అంటారు. ఎదురుగా కాదులెండి. ఎదురుగా వదినా అనీ, అక్కా అనీ మర్యాదగానే పిలుస్తారు. ఆవిడ మెట్లెక్కి పై వాటాలోకి వెళ్లిపోయిందని చెప్పుల చప్పుడును బట్టి తేల్చుకున్నాక మాత్రం లేబులమ్మే. ఆ పేరు ఊరికే రాలేదు. ముప్ఫై ఒక్కేళ్లు బ్లడ్ బ్యాంకులో పనిచేసిందావిడ. సంచి మీద పేరు, తేదీ, వేళ, తీసినవాళ్ల సంతకం, వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ రక్తం చెత్తబుట్టలోకే. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే ఈ మాట నూరిపోసేది. రిటైరయ్యాక ఆ అలవాటు వంటింటి మీద పడింది. ఉప్పు డబ్బాకు చీటీ, పప్పు డబ్బాకు చీటీ, మూత తెరిచిన తేదీతో సహా. రెండు వాటాలకూ కలిపి ఉన్న నీళ్ల మోటారు స్విచ్చుకు కూడా 'ఇది మోటారు' అని అంటించింది. ఆ గోడ మీద ఉన్న స్విచ్చు అదొక్కటే, అయినా సరే.

కింది వాటాలో ఉండేది మరిది, అతని భార్య. మరిది ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ముందు గది దుకాణం, వెనక రెండు గదుల్లో కాపురం. పైన లేబులమ్మ, ఆవిడతో పాటు బండోడు. బండోడంటే కుక్క. నాలుగేళ్ల కిందట పోయిన ఆవిడ భర్త, పోవడానికి ఐదేళ్ల ముందు ఒక అట్టపెట్టెలో తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టిన కుక్క. అప్పుడు రెండు దోసిళ్లలో పట్టేవాడు, ఇప్పుడు ముప్ఫై ఎనిమిది కిలోలు. ఆయన పోయాక ఆ పై వాటాలో లేబులమ్మ మాటకు తల తిప్పి చూసే ప్రాణి అదొక్కటే. వాడు కూడా పోతే తను ఉండలేనని ఆవిడకు బాగా తెలుసు. పైకి మాత్రం 'వెధవ కుక్క, వెంట్రుకలు ఊడ్చలేక చస్తున్నా' అంటూ ఉంటుంది.

ఆ బండోడు ఒక సోమవారం పొద్దున మెట్లెక్కుతూ ఏడో మెట్టు మీద కూలబడ్డాడు. రెండు రోజులుగా తిండి సరిగా తినడం లేదు, పొట్ట ఉబ్బరంగా ఉంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఛాతీకి చెవి ఆనించి వింటే గుండె చప్పుడు దుప్పట్ల కింద నుంచి వస్తున్నట్టుగా వినపడింది. ఆ సమయానికి మరిది ఎవరి ఇంట్లోనో ఫ్రిజ్ విప్పుకుని కూర్చున్నాడు. ఆవిడ అద్దె కారు పిలిపించుకుని, అరగంటలో కుక్కల ఆసుపత్రిలో ఉంది.

డాక్టరు ఆవిడకు చూడగానే నచ్చలేదు. వయసు ముప్ఫై దాటి ఉండదు, ఎడమచేతి వాటం, పైగా పనిచేస్తూ సన్నగా కూనిరాగం తీస్తాడు. ప్రాణం మీదికి వచ్చినచోట ఈ పాటలేమిటని ఆవిడకు ఒళ్లు మండింది. అతను స్కాను పెట్టి తెర చూపించాడు. మధ్యలో గుండె, చుట్టూ నల్లటి వలయం, ఆ వలయంలో గుండె అటూ ఇటూ ఊగుతోంది.

"చూశారా అమ్మా, ఈ నల్లదంతా ద్రవం. గుండె చుట్టూ పల్చటి సంచి ఒకటి ఉంటుంది. అందులో మామూలుగా చెంచాడు కూడా ఉండదు. మనవాడికి అరలీటరు దాకా చేరింది. ఆ సంచి ఉన్నట్టుండి సాగదు కదా, గుండెను చుట్టూ నొక్కేస్తోంది. రక్తం నిండడానికి గుండెకు చోటు లేదు. సూది పెట్టి తీసేయాలి."

"గుండెలోకి సూదా?"

"గుండెలోకి కాదు, సంచిలోకి."

"ఆ రెంటికీ మధ్య ఎంత దూరం ఉంటుందేమిటి బాబూ?"

కూనిరాగం ఆగింది. "అందుకే స్కాను చూస్తూ చేస్తాం. ఒక్కమాట చెప్పండి, ఎలుకల మందు గానీ తిన్నాడా? అది తిన్నా లోపల రక్తం కారి ఇలా చేరుతుంది."

"మా ఇంట్లో అలాంటివి ఉండవు," అంది ఆవిడ పుల్ల విరిచినట్టు.

అయినా అతను ముందుకాలి నరం నుంచి రక్తం తీసి లోపలి గదికి పంపాడు. కాసేపటికి ఒక చీటీ వచ్చింది. "రక్తం బాగానే గడ్డకడుతోంది, విషం భయం లేదు," అని ఆవిడ చేతిలో పెట్టాడు. లేబులమ్మ ఆ చీటీని ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది. అంకెలున్నాయి. పేరు లేదు, తేదీ లేదు, సంతకం లేదు. ఇది బండోడిదో, ఇంకెవరి కుక్కదో ఎవరికి తెలుసు? మడిచి చేతిసంచిలో వేసుకుంది గానీ, మనసులో దాన్ని అప్పుడే చెత్తబుట్టలో పడేసింది.

బయట కూర్చోమంటే కూర్చోలేదు. "సూదుల మధ్యే నెత్తి నెరిసింది నాకు," అని గోడకు ఆనుకుని నిలబడింది. తలుపు వేశాక లోపల ఏం చేస్తారో ఎవరు చూడొచ్చారన్నది అసలు సంగతి. బండోడిని ఎడమ పక్కకు పడుకోబెట్టి, కుడివైపు డొక్క మీద జుట్టు గొరిగి, అక్కడ తిమ్మిరెక్కే ఇంజెక్షను ఇచ్చారు. డాక్టరు పక్కటెముకల మధ్య నుంచి పొడవాటి సూది దింపాడు. సూదికి తగిలించిన పైపులోకి రక్తం వచ్చింది. ద్రవం అన్నాడు గానీ నీళ్లలా ఏమీ లేదు. నలుపు తిరిగిన ఎర్రటి రక్తం.

"గుండెలో గుచ్చేశారు," అంది లేబులమ్మ.

"లేదమ్మా, ఇది ఇలాగే ఉంటుంది." అతను మొదట వచ్చిన కాస్త ఒక గాజు ట్యూబులో పట్టాడు. నర్సు దాన్ని బల్ల మీద నిలబెట్టింది. "ఇది గడ్డకడితే నేను గుండెలో గుచ్చినట్టు. కట్టకపోతే సంచిలోదే. కట్టకపోతేనే మనకు మంచిది."

పైపు వెంట రక్తం వస్తూనే ఉంది. గిన్నెలో నాలుగువందల యాభై మిల్లీలీటర్లు చేరేసరికి, యంత్రం మీద నిమిషానికి నూట ఎనభై కొట్టుకుంటున్న గుండె నూట పదికి దిగింది. నాలుక తెలుపు పోయి గులాబీ రంగు వచ్చింది. బండోడు తల ఎత్తి, ఇక్కడెందుకున్నానన్నట్టు చూశాడు. ఆ చూపుకు లేబులమ్మకు ఏడుపు వచ్చింది, సంతోషంతోనే. కన్నీళ్లు తుడుచుకుంటూ కూడా ఆవిడ ఒక కన్ను బల్ల మీదే ఉంచింది.

పదిహేను నిమిషాలైనా ట్యూబులో రక్తం గడ్డకట్టలేదు. వంచితే నీళ్లలా జారుతోంది. "బాగుంది," అని డాక్టరు మళ్లీ కూనిరాగం అందుకున్నాడు. ఆవిడ మాత్రం ట్యూబు వైపు ఇంకో అడుగు వేసింది. ఆవిడ పనిచేసిన చోట మామూలు గాజు ట్యూబులో పోసిన రక్తం గడ్డకట్టకపోవడాన్ని ఎవరూ బాగుందనరు. ఆ మనిషి రక్తంలో ఏదో పాడైందని అంటారు. గడ్డకట్టకుండా చేసేది ఏమిటో ఇందాక ఈ డాక్టరే అడిగాడు కదా.

అప్పుడు గుర్తొచ్చింది. పది రోజుల కిందట మరిది ఒక పొట్లం పట్టుకొచ్చి, 'ఎలుకలు వైర్లు కొరికేస్తున్నాయి వదినా' అన్నాడు. అంతకు వారం ముందు బండోడు ఎవరిదో బాగుచేసి పెట్టిన ఫ్రిజ్ మీద కాలెత్తితే, 'ఒకరోజు వీడి పని పడతా' అని కూడా అన్నాడు. అప్పుడు అందరూ నవ్వారు, తనూ నవ్వింది. ఇప్పుడు ఆ మాట నవ్వులాటగా తోచలేదు.

"ఐదో రోజు తప్పకుండా తీసుకురండి," అంటున్నాడు డాక్టరు. "కొన్నిటికి ఒక్కసారి తీస్తే మళ్లీ రాదు. కొన్నిటికి మళ్లీ చేరుతుంది. స్కాను చేస్తేనే తెలుస్తుంది." లేబులమ్మ తల ఊపింది గానీ, ఆవిడ చెవులు అక్కడ లేవు.

ఇంటికి రాగానే బండోడిని పైన పడుకోబెట్టి నేరుగా దుకాణంలోకి వెళ్లింది. మరిది అప్పుడే వచ్చి, ఒక ఫ్రిజ్ వెనక నేల మీద చతికిలబడి ఉన్నాడు.

"ఎలుకల మందు ఎక్కడ పెట్టావు?"

"ఫ్రిజ్‌ల వెనకాల. ఏం వదినా? బండోడికి ఎలా ఉంది?"

"ఎన్ని పెట్టావు?"

"నాలుగు బిళ్లలు."

"ఉన్నాయేమో చూడు."

మరిది లేచి, ఫ్రిజ్‌ల వెనక్కి వెళ్లి వంగాడు. నాలుగు బిళ్లలు చూడడానికి అంతసేపు పట్టదు. బయటికి వచ్చి చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "ఉన్నాయి," అన్నాడు. ఆ మాట గుడ్డతో చెప్పాడు, ఆవిడ ముఖంలోకి చూడలేదు.

"బండోడి రక్తం గడ్డకట్టడం లేదు," అంది ఆవిడ. "నా రెండు కళ్లతో చూశాను. అది ఏం చేస్తే అలా అవుతుందో నాకు తెలుసు. ముప్ఫై ఒక్కేళ్లు అదే పని నాది. వాడికి ఆ మందు పెట్టింది నువ్వే."

వెనక గదిలోంచి తోడికోడలు పరుగున వచ్చింది. "అక్కా, ఏం మాటలవి? ఆయన వాడికి రోజూ బిస్కెట్లు పెట్టేది నువ్వు చూడట్లేదా?"

"నువ్వు ఊరుకో," అన్నాడు మరిది భార్యతో. అంతకు మించి ఒక్కముక్క అనలేదు. కాదనలేదు, కోప్పడలేదు, ఒట్టు వేయలేదు. తప్పు చేయనివాడు అలా నోట్లో మాట లేకుండా నిలబడతాడా? లేబులమ్మకు ఇక అనుమానం కాదు, రూఢి అయిపోయింది. ఆపైన బిస్కెట్ల సంగతి కూడా ఆవిడకు వేరే రకంగా వినపడింది.

ఆ రోజు నుంచి ఒకే ఇల్లు రెండు ఇళ్లయింది. లేబులమ్మ పాత పరిచయం మీద ఒక మందుల దుకాణంలో విటమిన్ కె బిళ్లలు తెచ్చుకుంది. ఎలుకల మందుకు విరుగుడు అదే. డబ్బా మీద 'బండోడు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి' అని రాసి, తేదీ వేసి, ముద్దలో పెట్టి తినిపించింది. వాడి గిన్నెను వాకిట్లోంచి లోపలికి మార్చి గది తలుపు గడియ వేసింది. దుకాణం ముందు నుంచి నడిపించేటప్పుడు గొలుసు పొట్టిగా పట్టుకుని, వాడు నేల వాసన చూడకుండా లాక్కెళ్లింది. వాడేమో మరిది కనపడగానే తోక ఊపుతాడు. విషం పెట్టిన చేతిని నాకబోయే వెర్రి జంతువును ఆవిడ మెడ పట్టుకుని వెనక్కి లాగింది.

పై నుంచి కిటికీలోంచి చూస్తే మరిది వాలకం కూడా అలాగే ఉంది. రెండో రోజు ఫ్రిజ్‌లన్నీ బయటికి లాగి గది ఊడ్చాడు. మూడో రోజు టార్చి వేసుకుని మూలమూలా వెతికాడు. నాలుగో రోజు మురుగు పైపు మూత తీసి కూడా చూశాడు. ఆనవాళ్లు చెరిపేసుకుంటున్నాడని ఆవిడ కిటికీ రెక్క వేసేసింది.

ఐదో రోజు ఆసుపత్రికి వెళ్లలేదు. పేరు రాయని చీటీలిచ్చే చోటికి, గడ్డకట్టని రక్తం చూసి పాటలు పాడేవాడి దగ్గరికి ఎందుకు వెళ్లాలి? విషం సంగతి కనిపెట్టలేక, కట్టకపోతేనే మంచిదని తన చెవిలో పువ్వు పెట్టాడు. ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేస్తే, "బాగున్నాడు," అని పెట్టేసింది. నిజానికి వాడు బాగానే ఉన్నాడు అప్పటికి. ఏడో రోజు ముద్ద సగం వదిలేశాడు. విషం ఇంకా దిగుతోందనుకుని ఆవిడ ఇంకో బిళ్ల పెంచింది.

తొమ్మిదో రోజు పొద్దున బండోడు నీళ్ల గిన్నె దగ్గరికి వెళ్తూ ధబ్బున పడిపోయాడు. చిగుళ్లు కాగితంలా ఉన్నాయి. ఆ చప్పుడుకు కింద నుంచి మరిది రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు. చేతిలో వ్యాను తాళాలు అప్పటికే ఉన్నాయి. ఇంత త్వరగా ఎలా వచ్చాడు? ఇలా జరుగుతుందని తెలిసే కాచుకుని కూర్చున్నాడా? అడిగే సమయం లేదు. అతను ముప్ఫై ఎనిమిది కిలోల కుక్కను భుజాన వేసుకుని దిగుతుంటే, ఆవిడ వెనకే దిగింది.

వ్యానులో ఒక పక్క పాత కంప్రెసర్లు, వాటి పక్కన నేల మీద ఆవిడ, ఆవిడ ఒళ్లో బండోడి తల. ముందు అద్దంలో మరిది కళ్లు కనపడుతున్నాయి. పెద్దరోడ్డు దాటగానే బండి సందులోకి తిరిగింది.

"ఎటు తీసుకుపోతున్నావు?"

"పెద్దరోడ్డు తవ్వేశారు వదినా. ఇటే దగ్గర."

ఆసుపత్రి గేటు కళ్లబడేదాకా ఆవిడ నమ్మలేదు. బండోడి ఊపిరి లెక్కపెడుతూ, అద్దంలోంచి చూపు తిప్పకుండా కూర్చుంది.

డాక్టరు ఈసారి కూనిరాగం తీయలేదు. స్కాను పెట్టగానే అదే నల్లటి వలయం, ఈసారి ఇంకా వెడల్పుగా. "ఐదో రోజు రమ్మన్నాను కదమ్మా. అప్పుడే వచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు."

"విషానికి విరుగుడు ఇస్తున్నాను," అంది లేబులమ్మ. "ఆ రోజు ట్యూబులో రక్తం గడ్డకట్టలేదు. నేను చూశాను."

"అది గుండె సంచిలోది. విషమైతే ఒంట్లో రక్తం ఎక్కడ తీసినా గడ్డకట్టదు. కాలి రక్తం కట్టిందని ఆ రోజే చీటీ ఇచ్చాను."

"దాని మీద పేరు లేదు."

డాక్టరు జుట్టు గొరుగుతున్నవాడల్లా ఆగి చూశాడు. "ఆ పూట ఆసుపత్రిలో ఉన్న కుక్క వీడొక్కడేనమ్మా."

లేబులమ్మకు ముఖం వేడెక్కింది. అయినా పట్టు వదల్లేదు. "నా ఎదుట తీయండి. ట్యూబు నా చేతికివ్వండి."

నర్సు కాలి నరం నుంచి రక్తం తీసి, మందులేవీ లేని గాజు ట్యూబులో పోసి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని పిడికిట్లో బిగించి గడియారం వైపు తిరిగింది. ఒంటి వేడి తగిలితేనే సరిగా తెలుస్తుంది. నిమిషానికోసారి పిడికిలి విప్పి వంచి చూడాలి. పక్కన బల్ల మీద సూది దిగింది, అదే నల్లటి ఎరుపు పైపులోకి వచ్చింది, నర్సు రెండో ట్యూబు నింపి నిలబెట్టింది. మరిది గుమ్మంలో నిలబడి, లోపలికీ రాక, బయటికీ పోక, ఆవిడ పిడికిలినే చూస్తున్నాడు. దొరికిపోతానని భయం కాబోలు అనుకుంది.

రెండో నిమిషం జారింది. మూడో నిమిషం జారింది. నాలుగో నిమిషంలో కూడా జారేసరికి, నేను చెప్పలేదా అన్నట్టు ఆవిడ గుమ్మం వైపు చూసింది. ఐదో నిమిషంలో అంచు దగ్గర కాస్త బరువుగా కదిలింది. ఏడో నిమిషంలో వంచితే కదల్లేదు. లేబులమ్మ ట్యూబును పూర్తిగా తలకిందులు చేసింది. రక్తం అడుగున ముద్దగా అతుక్కుని అలాగే ఉండిపోయింది. బల్ల మీద ట్యూబు తీసి వంచింది. అది నీళ్లలా జారింది. రెండూ ఒకే కుక్కవి, ఒకే వేళవి, రెండూ తన కళ్లెదుట తీసినవే.

"సంచిలో చేరిన రక్తాన్ని గుండె నిమిషానికి వందసార్లు చిలుకుతూ ఉంటుందమ్మా," అన్నాడు డాక్టరు సూది మీంచి కన్ను తిప్పకుండా. "గడ్డకట్టాల్సింది లోపలే ఎప్పుడో కట్టి కరిగిపోతుంది. ఇక బయట ఏం కడుతుంది? స్కానులో గడ్డలేవీ కనపడట్లేదు. మూడోసారి కూడా చేరితే ఆ సంచికి కిటికీలా కోసి వదిలేద్దాం, ఇక గుండెను నొక్కదు. ఈసారి మాత్రం చెప్పిన రోజుకు రండి."

యంత్రం మీద అంకె దిగడం మొదలైంది. నూట తొంభై, నూట అరవై, నూట ఇరవై. బండోడి నాలుకకు రంగు వస్తోంది. ఇంకో పూట ఆలస్యమైతే చేతులారా చంపుకునేదాన్నని ఆవిడకు అర్థమైంది. పిడికిలి విప్పి చూసుకుంటే, ట్యూబు మీద పేరు లేదు, తేదీ లేదు, వేళ లేదు. రాయడం కూడా మరిచిపోయింది. అలాగే పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్లింది.

"గడ్డకట్టింది," అంది.

"అంటే?" అన్నాడు మరిది.

"అంటే విషం కాదు. ఏ మందూ తినలేదు వాడు. నువ్వేమీ చేయలేదు."

మరిది పక్కనున్న బెంచీ మీద కూలబడ్డాడు. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "ఒక బిళ్ల లేదు వదినా," అన్నాడు.

"ఏమిటి?"

"నాలుగు పెట్టాను. ఆ రోజు నువ్వు అడిగాక చూస్తే మూడే ఉన్నాయి. అంతకు నాలుగు రోజుల ముందు దుకాణం తలుపు తెరిచిపెట్టి భోజనానికి వెళ్లాను. వీడే వచ్చి తినేశాడనుకున్నాను. ఫ్రిజ్‌లన్నీ జరిపాను, మురుగు పైపులో కూడా వెతికాను, దొరకలేదు. ఎలుకలే లాక్కుపోయాయేమో. వాడికి ఏమన్నా అవుతుందేమోనని తాళాలు జేబులో పెట్టుకునే పడుకుంటున్నాను."

"ఆ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదు? నేను అన్నేసి మాటలంటుంటే కాదని ఎందుకనలేదు?"

మరిది చేతులు తీసి ఆవిడ ముఖంలోకి చూశాడు. తొమ్మిది రోజుల్లో అదే మొదటిసారి. "రక్తం సంగతి నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు వదినా? కళ్లతో చూశానన్నావు. నిజమే అనుకున్నాను. నేనే చంపేస్తున్నాననుకున్నాను."

ముప్ఫై ఒక్కేళ్లలో లేబులమ్మ మాటను ఇంతగా నమ్మిన మనిషి ఇంకొకరు లేరు. తప్పు చేశానని చెప్పాలి, తమ్ముడూ అని పిలవాలి, భుజం మీద చేయి వేయాలి. చేయి ఎత్తేసరికి అందులో ట్యూబు ఇంకా అలాగే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, ఆవిడ అతని పక్కన బెంచీ మీద కూర్చుంది. లోపల బల్ల మీద బండోడి తోక టపటపా కొట్టుకోవడం ఇద్దరికీ వినపడింది.